‘అవకాశం లేదు’ అనే గడి

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా సంగారెడ్డిలో జరిగిన సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నెల క్రితం మన కార్యదర్శి గారు ఫోను చేసి, “ప్రత్యేక సంచికలో డి.ఎ. బకాయిలు, ఆరోగ్య కార్డుల సంగతి ఎలాగూ ఉంటుంది. మీరు మాత్రం మనవలు, మనవరాళ్ళకు పనికొచ్చే విషయం ఏదైనా మాట్లాడండి” అన్నారు. నేను డాక్టరును కాను, మానసిక శాస్త్రం చదివినవాణ్ణి అంతకన్నా కాను. 1972లో ఎల్.డి.సి.గా చేరి, 2007లో సూపరింటెండెంటుగా దిగిపోయేదాకా ముప్పై అయిదేళ్ళు ప్రొఫార్మాలు నింపినవాణ్ణి, నింపించినవాణ్ణి. కనుక నాకు తెలిసిన ప్రొఫార్మా గురించే మాట్లాడతాను. పిల్లలు నలుగురిలో ఎలా మెలుగుతున్నారో, తమ పని తాము ఎంతవరకు చేసుకుంటున్నారో కొలిచే ప్రొఫార్మా అది.

ప్రొఫార్మా అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ప్రతి ఏడూ మనం బతికే ఉన్నామని రుజువు చూపుకుంటున్నాం కదా. పోయిన ఏడాది వేలిముద్ర మిషను నా బొటనవేలిని నాలుగుసార్లు తిరగ్గొట్టింది. కాగితాలు తిప్పి తిప్పి నా వేలి గీతలు అరిగిపోయాయి. మిషను లెక్కలో నేను లేను. ఎదురుగా కుర్చీలో మాత్రం కూర్చునే ఉన్నాను. పెద్దవాణ్ణి కాబట్టి “ఇంకో వేలు చూడు నాయనా” అనగలిగాను. ఆ మాట అనలేని పసివాడి సంగతేమిటి? అందుకే ముందు ఒక తప్పు ఒప్పుకుంటాను. ఆ తప్పు నాదే.

1997లో, అప్పటి ఉమ్మడి మెదక్ జిల్లాలో, పటాన్‌చెరు దగ్గర ఒక పిల్లల శిబిరానికి నన్ను డ్యూటీ మీద పంపారు. బడికి రాని పిల్లల వివరాలు రాసుకోవాలి. ఎదుగుదలలో లోపం ఉందనుకున్న పిల్లల పేర్లు పై పరీక్షకు పంపాలి. నాకిచ్చిన కాగితంలో ఎనిమిది ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకు రెండు గడులు: అవును, లేదు. పేరు అడిగితే చెబుతాడా? మాట్లాడేటప్పుడు ముఖం చూస్తాడా? నమస్కారం చేస్తాడా? ఇంటి చిరునామా చెబుతాడా? దుకాణంలో చిన్న వస్తువు కొని చిల్లర తెస్తాడా? ఇలాంటివే.

మధ్యాహ్నం మూడు దాటింది. వరుస తరగడం లేదు. ఒరిస్సా నుంచి ఇటుక బట్టీకి వచ్చిన ఒక తల్లి ఎనిమిదేళ్ళ కొడుకును తెచ్చింది. నేను తెలుగులో అడిగాను. తర్వాత మన సంగారెడ్డి హిందీలో అడిగాను. వాడు తల్లి చీర కొంగు పట్టుకుని తన కాళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు. తల్లి ఏదో చెప్పబోయింది. ఆమె భాష నాకు రాదు, ముఠా మేస్త్రీ ఎక్కడికో పోయాడు. ఎనిమిదింట్లో ఆరింటికి ‘లేదు’ మీద టిక్కు పెట్టాను. చివర ‘మానసిక ఎదుగుదల తక్కువ, పై పరీక్ష అవసరం’ అని రాసి సంతకం చేశాను. మొత్తం నాలుగు నిమిషాలు పట్టిందేమో.

రెండు నెలల తర్వాత అంగడి రోజున పటాన్‌చెరులో కూరగాయలు కొంటున్నాను. అదే పిల్లవాడు చంకలో చెల్లెల్ని ఎత్తుకుని ఆలుగడ్డ బేరం చేస్తున్నాడు. హిందీ రెండు ముక్కలు, తెలుగు రెండు ముక్కలు. పది రూపాయల నోటు ఇచ్చి, తిరిగి వచ్చిన చిల్లర లెక్కపెట్టుకున్నాడు. రూపాయి తక్కువైంది. ఆమె ఇచ్చేదాకా అక్కణ్ణుంచి కదలలేదు. తర్వాత తమ బట్టీ ముసలాయన చేయి పట్టుకుని, ఇంకో ఇద్దరు చిన్నవాళ్ళను వెంటబెట్టుకుని, లారీలు దూసుకుపోయే బొంబాయి రోడ్డును నిదానంగా దాటించాడు. దాటే ముందు నన్ను చూశాడు. చెల్లెల్ని కిందికి దించి, తల వంచి, రెండు చేతులూ జోడించాడు. నా కాగితంలో ‘నమస్కారం చేస్తాడా’ అన్నచోట ‘లేదు’ అని ఉంది.

మర్నాడు ఫైలు కోసం వెదికాను, పైకి వెళ్ళిపోయింది. తిరిగి పరిశీలించాలని నోటు పెట్టాను, జవాబు రాలేదు. పై పరీక్ష అయ్యాకే చేర్చుకుంటామని బడిలో అన్నారట. పరీక్ష తేదీ వచ్చేనాటికి ఆ కుటుంబం వేరే బట్టీకి మారిపోయింది. ఆ పిల్లవాడు ఇప్పుడు ముప్పై ఆరేళ్ళ మనిషి అయి ఉండాలి. ఎక్కడున్నాడో తెలియదు.

ఇది జరిగిన పదిహేనేళ్ళకు నా కాగితంలో ఏ గడి లేదో నాకు తెలిసింది. 2012లో మా అమ్మాయి కొడుకుకు నాలుగున్నరేళ్ళు. మాటలు సరిగా రాలేదు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో 1984లో నెలకొల్పిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఉంది, ఇప్పుడు పేరు మారింది. అక్కడికి తీసుకుపోయాం. ఒక మేడమ్ మా అమ్మాయిని కూర్చోబెట్టి గంటసేపు ప్రశ్నలు అడిగారు. పిల్లవాడు బొమ్మలతో ఆడుకుంటున్నాడు, వాణ్ణి ఎక్కువగా కదిలించలేదు. నాకు ఆశ్చర్యమేసి అడిగాను. “ఈ కొలతలో పరీక్ష పిల్లవాడికి కాదండీ. వాణ్ణి రోజూ చూసేవాళ్ళను అడిగి తెలుసుకోవాలి. ఇక్కడ చేస్తాడా అనేది కాదు, ఇంట్లో అలవాటుగా చేస్తున్నాడా అనేది కావాలి” అన్నారు.

“తన చేత్తో తాను అన్నం తింటాడా?” అని మా అమ్మాయిని అడిగారు. “తినడు మేడమ్.” “మీరెప్పుడైనా తిననిచ్చారా?” మా అమ్మాయి నా వైపు చూసింది, నేను మా ఆవిడ వైపు చూశాను. మా ఇంట్లో వాడికి ముద్దలు కలిపి నోట్లో పెట్టేది ఆమె. చొక్కా తొడిగేది నేను. చెప్పులు తొడిగేది కూడా నేనే. ఆ మేడమ్ నవ్వి, కాగితం మీద ఆ ప్రశ్నకు ఎదురుగా ప్రత్యేకమైన గుర్తు ఒకటి వేశారు. అడిగితే, ‘అవకాశం లేదు’ అని దాని అర్థమన్నారు.

ఆ కొలబద్ద కథ తర్వాత తెలుసుకున్నాను. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని వైన్‌లాండ్ శిక్షణ పాఠశాలలో ఎడ్గార్ డాల్ అనే ఆయన 1935లో దాన్ని బయటికి తెచ్చారు. అంతకుముందు పిల్లవాడి తెలివిని లెక్కలు, బొమ్మలు, మాటలతో కొలిచేవారు. ఆ పరీక్షలో తక్కువ వచ్చినా బజారుకు పోయి పని చక్కబెట్టుకొచ్చేవాళ్ళు ఉంటారు. పరీక్షలో బాగా వచ్చినా గుండీ పెట్టుకోలేనివాళ్ళూ ఉంటారు. అందుకని తినడం, బట్ట కట్టుకోవడం, తిరగడం, మాట్లాడటం, పని చేయడం, డబ్బు వాడటం, నలుగురితో కలవడం వంటివాటిని వయసుల వారీగా 117 అంశాలుగా పేర్చారు. ఆరేళ్ళవాడు నాలుగేళ్ళవాడు చేసే పనులే చేస్తుంటే వాడి సామాజిక వయస్సు నాలుగు. నాలుగును ఆరుతో భాగించి నూటితో హెచ్చిస్తే సుమారు 67. అదే సామాజిక లబ్ధి.

గుమాస్తాగా నాకు నచ్చింది ఆయన గడుల అమరిక. అవును, లేదు అని రెంటితో సరిపెట్టలేదు. చేస్తాడు అనే గుర్తు ఒకటి. ఇదివరకు చేసేవాడు, ఇప్పుడు అవసరం పడక మానేశాడు అనేదానికొకటి. ఇప్పుడిప్పుడే పట్టుబడుతోంది అనేదానికొకటి. చేయడు అనేదానికొకటి. ఇవిగాక, అవకాశమే లేదు, ఇస్తే చేసేవాడే అనేదానికి ఇంకో గుర్తు.

అంత ముందుచూపు ఉన్న ఆయన కాగితంలోనూ ఆయన ఊరు, ఆయన ఇల్లు కనిపిస్తాయి. ఫోర్కుతో తింటాడా అని ఒక అంశం. శాంతాక్లాజ్ నిజంగా ఉన్నాడన్న నమ్మకం వదిలేశాడా అని ఇంకొకటి. సదాశివపేట పిల్లవాడిని ఆ ప్రశ్న అడిగితే ఏం చెబుతాడు? అసలు నమ్మితే కదా వదిలేయడానికి! ఈ చిక్కు ఉన్నందుకే నాగపూర్‌లో ఎ.జె. మాలిన్ ఆ కొలబద్దను మన దేశానికి తగ్గట్టు మార్చి, పుట్టిన దగ్గర్నుంచి పదిహేనేళ్ళ దాకా 89 అంశాలుగా కుదించారు. 1992లో మన బోయిన్‌పల్లి సంస్థ నుంచే రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ భారతీయ పిల్లల కోసం ఇంకో కొలబద్ద తయారుచేశారు. అందులో ఏడు విభాగాలు, విభాగానికి నలభై చొప్పున 280 అంశాలు. సొంతంగా చేస్తాడా, సైగ చేస్తే చేస్తాడా, మాటతో చెబితే చేస్తాడా, చేయి పట్టి చేయిస్తే చేస్తాడా, పూర్తిగా మనమే చేయాలా అని మెట్లు మెట్లుగా రాసుకుంటారు. పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో తెలిస్తే పై మెట్టు ఎలా ఎక్కించాలో తెలుస్తుంది.

ఈ లెక్కలు మనకెందుకు అనుకోకండి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. దాని కింద 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో, తెలివితేటల పరీక్షతో పాటు ఈ వైన్‌లాండ్ కొలబద్దనూ పేర్కొన్నారు. వాటి ప్రకారం అప్పట్లో సామాజిక లబ్ధి 55 నుంచి 69 మధ్య ఉంటే 50 శాతంగా, 70 నుంచి 84 మధ్య ఉంటే 25 శాతంగా లెక్కించారు. ప్రయోజనాలకు కావలసింది 40 శాతం. అంటే రెండు మూడు గడులు అటూ ఇటూ అయితే ఒక పిల్లవాడికి ఉండవలసిన ఆసరా పోతుంది, ఇంకొకడికి అక్కరలేని ముద్ర పడుతుంది. నింపే చేతి మీద ఎంత భారం ఉందో చూడండి.

పెద్దలు ఏది మంచి నడత అనుకుంటారనేది ఊరు ఊరికీ మారుతుంది. ఆఫ్రికాలోని జాంబియా దేశంలో చేవా అనే జాతివారి పల్లెల్లో రాబర్ట్ సెర్పెల్ అనే పరిశోధకుడు 1970ల నుంచి పనిచేశారు. ఈ పిల్లల్లో ముఖ్యమైన పని మీద ఎవరిని పంపుతారు, ఎందుకు అని పెద్దల్ని అడిగారు. వారి భాషలో తెలివికి ‘ఎన్‌జేలు’ అనే మాట ఉంది. చురుకుదనంతో పాటు నమ్మకం, చెప్పిన మాట వినడం, బాధ్యత కూడా ఉంటేనే వారి లెక్కలో అది తెలివి. వాళ్ళు మెచ్చిన పిల్లలకూ, పరీక్షల్లో బాగా చేసిన పిల్లలకూ పెద్దగా పొంతన కుదరలేదు. మన పల్లెల్లోనూ అంతే కదా. “వాడికి పని చెబితే నిశ్చింత” అనడం కన్నా పెద్ద మెప్పు మన తాతల నోట వచ్చేదా?

చైనా సంగతి ఇంకా విచిత్రం. సిగ్గరి, నెమ్మది పిల్లల్ని కెనడాలో తోటి పిల్లలు దూరం పెడుతుంటే, షాంఘైలో 1990 ప్రాంతంలో అలాంటి పిల్లల్నే తోటివారు ఇష్టపడేవారనీ, ఉపాధ్యాయులు మెచ్చుకునేవారనీ షిన్‌యిన్ చెన్ అనే పరిశోధకుడు గమనించారు. అదే షాంఘైలో 1998లో, 2002లో మళ్ళీ చూశారు. పన్నెండేళ్ళలో లెక్క తిరగబడింది. సిగ్గరి పిల్లలు వెనకబడిపోయి, దిగులుపడేవారిగా తేలారు. ఊరు అదే. బజారు మారింది, ఉద్యోగాలు మారాయి, దాంతో పిల్లవాడిలో పెద్దలు కోరుకునే గుణమూ మారింది.

ఈ మార్పు చూడటానికి షాంఘై పోనక్కరలేదు. రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. వచ్చాక, 1972లో పటాన్‌చెరులో ఇక్రిసాట్ వచ్చాక, ఆ తర్వాత బొల్లారం, పాశమైలారం కర్మాగారాలు లేచాక, మన కళ్ళముందే లోకం మారింది. మా చిన్నప్పుడు పెద్దవాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడితే చెంప పగిలేది. ఇప్పుడు మనవడు తల వంచుకుని మాట్లాడితే “ఆత్మవిశ్వాసం లేదు” అని బడి కార్డులో రాస్తున్నారు. జహీరాబాద్ వైపు కన్నడం, నారాయణఖేడ్ తండాల్లో లంబాడీ, సంగారెడ్డి పాత ఊళ్ళో ఉర్దూ, ఇస్నాపూర్ అద్దె గదుల్లో ఒడియా, భోజ్‌పురి. ఒక్క జిల్లాలో ఇన్ని ఇళ్ళు, ఇన్ని మర్యాదలు. అందరికీ ఒకే కాగితం.

ఎదిగిన పిల్లల దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. మా వీధిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఉంది. చదువులో ముందుంటుంది. వీధి చివరి దుకాణానికి కూడా ఒంటరిగా పంపరు, తమ్ముడు తోడు వెళ్ళాలి. ‘ఊళ్ళో తనంతట తాను తిరుగుతుందా’ అని అడిగితే ‘లేదు’ అనే వస్తుంది. పాశమైలారం గేటు దగ్గర తండ్రి చాయ్ బండి మీద సాయంత్రాలు లెక్కలు చూసే పదిహేనేళ్ళ బిహారు పిల్లవాడున్నాడు. నాలుగు భాషల్లో బేరం చేస్తాడు. తరగతిలో లేచి మాట్లాడమంటే నోరు పెగలదు. ఆ అమ్మాయికి లోపముందా? ఆ అబ్బాయికి లోపముందా?

1990లో అమెరికాలో గ్రెషమ్, ఇలియట్ అనే ఇద్దరు ఒక పద్ధతి తెచ్చారు. ఒక్కరి మాట నమ్మకుండా ఉపాధ్యాయుణ్ణి, తల్లిదండ్రుల్ని, కాస్త ఎదిగినవాడైతే ఆ పిల్లవాణ్ణి కూడా అడగాలన్నారు. సహకారం, తన మాట తాను చెప్పుకోవడం, బాధ్యత, ఎదుటివారి బాధ తెలుసుకోవడం, నిగ్రహం అనే ఐదు గుణాలు చూస్తారు. ఇందులో ‘తన మాట తాను చెప్పుకోవడం’ దగ్గర మన ఇళ్ళలో పేచీ వస్తుంది. పెద్దలతో “నేను ఒప్పుకోను” అనడం అక్కడ నేర్పు, ఇక్కడ పొగరు. కాకను ఎలా పిలవాలి, మేనత్త వస్తే లేచి నిలబడాలి, కుడిచేత్తో ఇవ్వాలి, డబ్బాలో తెచ్చుకున్నది పక్కవాడికి పెట్టి తినాలి అని మన పిల్లలు నేర్చుకున్నవాటికి అందులో గడి ఎక్కడుంది? మన 2020 జాతీయ విద్యావిధానం కూడా ప్రగతి పత్రంలో ఉపాధ్యాయుడితో పాటు పిల్లవాడు తన గురించి, తోటివారు అతని గురించి చెప్పే ఏర్పాటు ఉండాలంది. ఆలోచన మంచిదే. నలభై మంది పత్రాలు ఒక్కరోజులో నింపితే మాత్రం మన మార్చి 31 బిల్లుల్లాగే ఉంటాయి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ‘అవకాశం లేదు’ అనే గడిలో నిజమైన ఇబ్బందిని దాచకూడదు. “మా వంశంలో అందరికీ మాటలు ఆలస్యమే” అని మేము ఏడాదిన్నర గడిపాం. ఆ మేడమ్ మా మనవడికి అన్నం ముద్ద విషయంలో ఆ గుర్తు వేశారు గాని, మాటల విషయంలో వేయలేదు. అవకాశం ఇచ్చినా మాట రావడం లేదు, శిక్షణ కావాలని చెప్పేశారు. రెండేళ్ళు వారం వారం తిరిగాం. అన్నం తినడం మాత్రం మా ఆవిడ కంచం వాడి ముందు పెట్టి చేయి వెనక్కి తీసుకున్న ఇరవై రోజుల్లో వచ్చింది. మొదటి వారం నేల మీద పడినంత అన్నం కడుపులోకి పోలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయేది. ఇప్పుడు వాడు ఇంటర్ పూర్తి చేశాడు. మాట కొంచెం తడబడుతుంది. ఒక్కడే బస్సెక్కి సికింద్రాబాద్ పోయి వస్తాడు.

చివరగా మన సభ్యులకు నా మనవి ఇది. మనకు తీరిక ఉంది, కాగితం చదవడం వచ్చు, మనలో చాలామందికి ఉర్దూ, హిందీ, కన్నడం, మరాఠీ వచ్చు. అంగన్‌వాడీలో గాని, బడిలో గాని, శిబిరంలో గాని ఇలాంటి కాగితాలు నింపేటప్పుడు వారానికి ఒక పూట వెళ్ళి కూర్చుందాం. ముద్ర వేయడం మన పని కాదు, అది చదువుకున్న నిపుణుల పని. ఆ తల్లికి తన భాషలో మాట్లాడేవారిని వెదికి పెడదాం. ‘చేస్తాడా’ అని అడిగాక ‘ఎప్పుడైనా చేయనిచ్చారా’ అని కూడా అడిగేలా గుర్తుచేద్దాం. ఇంట్లో ఒకరిని, బడిలో ఒకరిని, ఎదిగిన పిల్లవాడైతే అతణ్ణీ అడగమందాం. కాగితంలో ఆ గడి లేకపోతే అంచున పెన్సిలుతోనైనా రాయిద్దాం. ఇక మన ఇళ్ళలో, మనవల చేతికి చెప్పులు, కంచం, పది రూపాయల నోటు ఇచ్చి మనం కాస్త దూరం జరుగుదాం.

నేను ఆరు గడుల్లో తప్పు టిక్కులు పెట్టిన ఆ పిల్లవాడికి ఇక ఏమీ చేయలేను. ఆ నోటు నకలు మాత్రం ఇంకా నా దగ్గరుంది. ఇంకొక పిల్లవాడికి అలా జరగకుండా మీలో నలుగురు ముందుకు వస్తే, సభ ముగిశాక తలుపు దగ్గర నేను ఉంటాను, పేర్లు రాసుకుంటాను.